ఆగి ఉన్న లారీని క్రూజ్ లెక్కచేయదు

విశాఖలో ఈమధ్య కారు మార్చినవాళ్లలో చాలామందికి స్టీరింగ్ మీద ఒక కొత్త బటన్ వచ్చింది. దాని మీద చిన్న కారు బొమ్మ, పక్కన రెండు మూడు గీతలు. అది నొక్కి వేగం సెట్ చేస్తే, ముందున్న బండిని బట్టి కారే వేగం తగ్గించుకుంటుంది. ముందు ఖాళీ అయితే మళ్లీ పెంచుకుంటుంది. దీని పేరు అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్. మనవాళ్లు క్రూజ్ అనేస్తారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. ఇది మంచి పరికరం. నేను వాడతాను, ఇంట్లోవాళ్లనూ వాడమంటాను. కానీ మన హైవే మీద దీన్ని వాడుతున్న తీరు చూస్తే భయం వేస్తుంది. ఈ పరికరాన్ని తయారుచేసింది కదిలే బండ్ల వెనక నడవడానికి. మన రోడ్డు మీద ఆగి ఉన్న బండ్లకు కొదవ లేదు. ఈ రెండు సంగతులూ కలిపి ఆలోచించకుండా బటన్ నొక్కకూడదన్నది నా వాదన.

ఇది పుట్టిన చోటు సంగతి కొంచెం చెప్పాలి. మామూలు క్రూజ్ కంట్రోల్ కనిపెట్టినాయన రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీరు. అయిదేళ్ల వయసులోనే చూపు పోయినవాడు. తనను కార్లో తిప్పే లాయరు మాట్లాడుతూ ఒకసారి వేగం తగ్గించి, ఒకసారి పెంచి కుదుపుతుంటే భరించలేక, వేగం నిలకడగా ఉంచే యంత్రం గురించి ఆలోచించాడని చెబుతారు. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలోకి ఎక్కింది. ముందు బండిని చూసి వేగం మార్చుకునే రకం 1995లో జపాన్‌లో మిత్సుబిషి డయమాంటే కారులో వచ్చింది. అది లేజర్‌తో పనిచేసేది, బ్రేకు వేసేది కాదు, ఇంజను జోరు తగ్గించేదంతే. 1999లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో రాడార్‌తో, బ్రేకుతో సహా వచ్చింది. మన దేశంలో మధ్యతరగతి కొనే కార్లలోకి దిగింది మాత్రం మొన్న మొన్ననే: 2021లో ఎక్స్‌యూవీ 700, 2022లో హోండా సిటీ హైబ్రిడ్, 2023లో వెర్నా, ఆ వరసలో మరికొన్ని. జపాన్‌లోనూ జర్మనీలోనూ దీన్ని పెంచి పెద్ద చేసిన రోడ్ల మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు. ఆవు రాదు, ఎదురు బండి రాదు, రోడ్డు మధ్యలో టైరు మార్చుకునే లారీ దాదాపు కనబడదు. అలాంటి రోడ్డును మనసులో పెట్టుకుని రాసిన లెక్కలే ఇప్పుడు మన బంపర్ వెనక కూర్చున్నాయి.

ఆ లెక్కలు ఎలా నడుస్తాయో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గ్రిల్ కింద గానీ, కంపెనీ లోగో వెనక గానీ ఒక రాడార్ ఉంటుంది. సుమారు 77 గిగాహెర్ట్జ్ తరంగాలు ముందుకు పంపి, తగిలి వెనక్కి వచ్చినవాటిని పట్టుకుంటుంది. తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. తరంగం పౌనఃపున్యంలో వచ్చిన తేడాను బట్టి అవతలిది మనవైపు ఎంత వేగంగా వస్తోందో, ఎంత వేగంగా దూరమవుతోందో తెలుస్తుంది. స్టేషన్‌లో నిలబడ్డప్పుడు రైలు కూత దగ్గరికి వస్తున్నప్పుడు సన్నగా ఉండి, దాటిపోయాక బొంగురుపోతుందే, అదే సూత్రం.

ఇప్పుడు ఒక్క క్షణం ఆ రాడార్ వైపు నుంచి చూడండి. మీరు 90 కిలోమీటర్ల వేగంలో పోతున్నారు. డివైడర్ రెయిలింగ్, కిలోమీటరు రాయి, దారి చూపించే పెద్ద బోర్డు, ఫ్లైఓవర్ దిమ్మ, రోడ్డు మీద పడున్న రేకు ముక్క, అన్నీ 90 వేగంతో మీ మీదికే వస్తున్నట్టు దానికి కనబడతాయి. వాటన్నిటికీ బ్రేకు వేస్తూ పోతే ఆ కారులో ఎవరూ కూర్చోలేరు, వెనక వచ్చేవాడు గుద్దేస్తాడు. పైగా పాత తరం రాడార్‌కు ఎత్తు సరిగా తెలియదు. తలపైన వేలాడే బోర్డూ, రోడ్డు మీద నిలబడ్డ లారీ వెనక భాగమూ దానికి ఇంచుమించు ఒకటే. అందుకే ఇంజనీర్లు తెలిసి తెలిసి ఒక పని చేశారు. కదలకుండా ఉన్నవాటిని, మొదటి నుంచీ ఆగి ఉన్నవాటిని, చాలావరకు లెక్కలోంచి తీసేశారు. కదులుతున్న బండిని పట్టుకుని, అది ఆగేదాకా వెంటాడటం దానికి బాగా వచ్చు. ముందే ఆగి ఉన్నదాన్ని దూరం నుంచి గుర్తుపట్టి ఆగడం దానికి నమ్మకంగా రాదు. కొత్త కార్లలో కెమెరా తోడై ఈ విషయం కొంత మెరుగుపడింది. అయినా కారుతో ఇచ్చే పుస్తకం తెరిచి చూడండి, ఆగి ఉన్న బండ్లను గుర్తించకపోవచ్చు అనే మాట ఉంటుంది. మోటారు సైకిళ్లు, మనుషులు, జంతువులు, వెనక్కి పొడుచుకొచ్చిన లోడు, మలుపులు, ఎగుడు దిగుళ్లు అని దాని కిందే జాబితా ఉంటుంది. ఆ జాబితా చదువుతుంటే గాజువాక నుంచి అనకాపల్లి దాకా రోడ్డు కళ్ల ముందు కదులుతుంది నాకు.

అనకాపల్లి - ఆనందపురం మధ్య సబ్బవరం, పెందుర్తి మీదుగా పోయే ఆరు వరుసల రోడ్డు ఉంది కదా, సుమారు 50 కిలోమీటర్లు. ఊళ్లోకి రాకుండా బయటినుంచే పోయేవాళ్లకు అది వరం. క్రూజ్‌కి మన చుట్టుపక్కల అంతకన్నా అనువైన రోడ్డు లేదు. ఆ రోడ్డు మీదే సబ్బవరం దాటాక ఒక మధ్యాహ్నం నేను చూసింది చెబుతాను. 80లో సెట్ చేసి ఉంది. నా ముందు ఒక పెద్ద టూరిస్టు వ్యాను 75 దాకా పోతోంది, నా కారు దాని వెనకే బుద్ధిగా 75లో నడుస్తోంది. వ్యాను ఉన్నట్టుండి కుడివైపు వరుసలోకి జరిగింది. దాని వెనక నుంచి బయటపడింది ఒక లారీ. ఎడమ పక్క సగం మట్టి మీద, కుడి పక్క సగం నా వరుసలో. వెనక చక్రం విప్పి ఉంది, జాకీ దగ్గర ఇద్దరు మనుషులు. లారీకి పది పదిహేను అడుగుల వెనక రోడ్డు మీద నాలుగు తుమ్మకొమ్మలు, అవి ఎగిరిపోకుండా పైన రాళ్లు. మన దగ్గర ఎర్ర త్రిభుజం బదులు పెట్టే గుర్తు అదే. మీటరులో ముందు బండి బొమ్మ మాయమైంది. ఆ వెంటనే అంకె కదిలింది, 75, 76, 77. ఇంజను గొంతు మారింది. నా కాలు బ్రేకు పక్కనే ఉంది కనుక నొక్కాను, ఆగాం, ఏమీ కాలేదు.

ఇందులో పరికరం చెడిపోయిందేమీ లేదు. వ్యాను వెళ్లిపోయింది, ముందు కదిలే బండి లేదు, యజమాని అడిగిన 80కి పోదామని బయల్దేరింది. దాన్ని ఎలా తయారుచేశారో అచ్చం అలాగే చేసింది. నన్ను కలవరపెట్టేది కూడా అదే. పాడైన పరికరానికైతే హెచ్చరిక దీపం వెలుగుతుంది. సరిగ్గా పనిచేస్తున్న పరికరం మనల్ని లారీ వైపు తీసుకుపోతున్నప్పుడు ఏ దీపమూ వెలగదు. ముందు బండి పక్కకు తప్పుకోవడం, దాని వెనక నుంచి ఆగి ఉన్న బండి బయటపడటం అనే ఈ ఘట్టాన్ని యూరప్‌లో కార్ల భద్రత పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు 2018లో ఇలాంటి వ్యవస్థల మీద ప్రత్యేకంగా పరీక్షించారు. డ్రైవరు కలగజేసుకోకుండా దీన్నుంచి బయటపడటం ఎంత కష్టమో అప్పుడే బయటపడింది.

"ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకు ఉంది కదా, అదే పడుతుంది" అంటారు. అది వేరు, క్రూజ్ వేరు. క్రూజ్ సౌకర్యం కోసం పెట్టింది. ఎమర్జెన్సీ బ్రేకు గుద్దుకోవడం ఖాయమని తేలాక ఆఖరి నిమిషంలో దెబ్బ తగ్గించడానికి పెట్టింది. తక్కువ వేగాల్లో అది కారును పూర్తిగా ఆపగలదు, హైవే వేగంలో ఆపుతుందని ఎవరూ హామీ ఇవ్వరు. దాన్ని సీటు బెల్టులా చూడాలి. బెల్టు ఉంది కదా అని ఎవరూ గోడ వైపు పోరు.

క్రూజ్ వేసే బ్రేకు కూడా నెమ్మదైనదే. దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ఓ 15622. దాని ప్రకారం హైవే వేగంలో క్రూజ్ తనంతట తాను వేసే బ్రేకు సెకనుకు సెకనుకు 3.5 మీటర్ల లెక్కను మించకూడదు, అంటే ప్రతి సెకనులోనూ తగ్గే వేగం సెకనుకు 3.5 మీటర్లు దాటకూడదు. పొడి రోడ్డు మీద మనం గట్టిగా తొక్కితే దానికి రెట్టింపు, ఏడు దాకా వస్తుంది. ఈ తేడా ఎక్కడ దెబ్బ కొడుతుందో ఒక లెక్క వేసి చూడండి. వేగం 90 అనుకుందాం, అంటే సెకనుకు 25 మీటర్లు. ముందు బండివాడు గట్టిగా బ్రేకు తొక్కితే సుమారు 45 మీటర్లలో ఆగుతాడు. క్రూజ్ ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదనుకున్నా, తనకున్న బ్రేకుతో ఆగడానికి దాదాపు 89 మీటర్లు కావాలి. ముందు బండికీ మనకూ మధ్య క్రూజ్ ఉంచే దూరాన్ని గ్యాప్ అంటారు, మీటరులో గీతలుగా కనబడేది అదే. చాలా కార్లలో అన్నిటికన్నా దగ్గరి గ్యాప్ సెట్టింగు సుమారు ఒక సెకను, అంటే 25 మీటర్లు. 25కి 45 కలిపితే 70. కావాల్సింది 89. మిగతా 19 మీటర్లు ఎక్కడి నుంచి తేవాలి? మీ కాలే తేవాలి. గ్యాప్ రెండు సెకన్లకు పెడితే 50కి 45 కలిపి 95, బొటాబొటీగా సరిపోతుంది. వాన పడితే ఆ బొటాబొటీ కూడా ఉండదు.

ఇక్కడే మా బావమరిదికీ నాకూ ఎప్పుడూ వాదన. వాడు క్రూజ్ పెడితే గ్యాప్ ఒక్క గీతకు తగ్గించేస్తాడు. "ఎక్కువ పెడితే ప్రతివాడూ మధ్యలో దూరిపోతాడు బావా, కారు ఊరికే స్లో అయిపోతుంది, చిరాకు" అంటాడు. వాడిది ఉట్టి అబద్ధమేం కాదు. మన రోడ్డు మీద రెండు కార్ల మధ్య ఆటో పట్టేంత చోటు కనబడితే ఆటో వస్తుంది, బైకు పట్టేంత ఉంటే రెండు బైకులు వస్తాయి. అయినా నేను "దూరనీరా" అంటాను. ఎందుకో లెక్కగానే చెబుతాను. ఒక బండి మన ముందుకు దూరితే మనం మళ్లీ రెండు సెకన్ల దూరం ఏర్పరచుకోవడానికి పోగొట్టుకునేది సుమారు ఆ రెండు సెకన్లే. అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా పదిమంది దూరినా పోయేది 20 సెకన్లు. 90లో ఆ దూరానికి పట్టేది అరగంట పైచిలుకు. అరగంటలో 20 సెకన్లు ఆదా చేయడానికి ఆ 25 మీటర్ల రక్షణ వదులుకోవడం ఏ లెక్కన లాభం?

ఇంకొక కారణం కూడా ఉంది, నాకు అది ఇంకా ముఖ్యం. దగ్గరగా ఉంటే ముందు బండి మన కళ్లకు తెర అయిపోతుంది. లారీ వెనకో బస్సు వెనకో 25 మీటర్లలో ఉన్నవాడికి రోడ్డు కనబడదు, లారీ వెనక రాసిన అక్షరాలే కనబడతాయి. సబ్బవరం దగ్గరి టైరు విప్పిన లారీ లాంటిది ముందే కనబడాలంటే దూరంగా ఉండాలి, ముందు బండికి పక్కగా చూపు పోవాలి. 90లో ముందు బండి ఆ లారీకి 50 మీటర్ల దూరంలో పక్కకు తప్పుకుందనుకోండి. ఒక సెకను గ్యాప్‌లో ఉన్నవాడికి మిగిలేది 75 మీటర్లు. చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి ఒకటిన్నర సెకను, అంటే 37 మీటర్లు. ఆగడానికి 45. మొత్తం 82. సరిపోలేదు. రెండు సెకన్ల గ్యాప్‌లో ఉన్నవాడికి 100 మీటర్లు ఉన్నాయి. ఈ తేడా స్టీరింగ్ మీద ఒక్క నొక్కుతో వస్తుంది. కాబట్టి గ్యాప్ బటన్‌ని చివరి గీత దాకా తీసుకెళ్లి అక్కడే వదిలేయండి. కొన్ని కార్లు ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే గ్యాప్‌ని మొదటికి తెచ్చేస్తాయి. బయల్దేరిన ప్రతిసారీ ఒకసారి చూసుకోండి.

ఇక మన రోడ్లు. ఊళ్లో, అంటే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, గాజువాక, కూర్మన్నపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, ఇక్కడెక్కడా క్రూజ్‌కి పని లేదు. నిదానంగా సాగే ట్రాఫిక్‌లో కూడా పనిచేసే రకం ఉన్నవాళ్లు "సిగ్నల్ దగ్గర అదే ఆగి అదే బయల్దేరుతుంది, కాలికి సుఖం" అంటారు. మన సిగ్నల్ దగ్గర గ్రీన్ పడేసరికి బంపర్ ముందు ఎడమనుంచి ఒక బైకు, కుడినుంచి ఒక బైకు ఏటవాలుగా వచ్చి నిలబడి ఉంటాయి. రాడార్ చూపు ముందుకు సన్నగా సాగి, దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. బంపర్‌కు అతి దగ్గరలో, మూలల్లో ఉన్నది దానికి సరిగా అందదు. అక్కడ ఉండేది ఎక్కువగా బైకు, ఆ బైకు మీద ఎక్కువగా ఒక కుటుంబం. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. రాడార్‌కు లారీ పెద్దగా కనబడుతుంది, బైకు చిన్నగా కనబడుతుంది. వరుసకు ఒక అంచున పోయే బైకును అసలు మన వరుసలోదే కాదనుకునే అవకాశం ఉంది. మన రోడ్డు మీద బైకులన్నీ పోయేది అంచునే. ఎడమ పక్కన బైకు కనబడిందా, క్రూజ్ దాన్ని చూసిందో లేదో మీటరులో వెతక్కండి, ముందు మీ కాలుతో వేగం తగ్గించండి.

బీచ్ రోడ్డు ఆదివారం ఉదయం ఖాళీగా కనబడి ఊరిస్తుంది. రుషికొండ, తొట్లకొండ దగ్గర మలుపులున్నాయి, సముద్రం వైపు చూస్తూ రోడ్డు దాటే పిల్లలున్నారు. భీమిలి దాకా కాలుతోనే నడపండి. సింహాచలం కొండ మీదికీ, ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లోకీ క్రూజ్ తీసుకెళ్లడం గురించి మాట్లాడనే అక్కర్లేదు, అక్కడ పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టే రాస్తున్నాను. మలుపులో ముందు బండి రాడార్ చూపులోంచి పక్కకు తప్పుకుంటుంది. కారుకు ముందు ఖాళీ అయిందనిపిస్తుంది, మలుపు మధ్యలో వేగం పెంచుతుంది. ఘాట్ మీద అంతకన్నా చెడ్డ సమయం ఇంకోటి లేదు.

మధురవాడ, కొమ్మాది దాటి ఆనందపురం కూడలి దాకా నేను పెట్టను. సర్వీసు రోడ్డు నుంచి ఎక్కేవాళ్లు, డివైడర్ సందుల్లోంచి దాటేవాళ్లు, ఎడమ అంచున రాంగ్ రూట్లో ఎదురొచ్చేవాళ్లు ఇక్కడ మామూలు. ఎదురొచ్చే బండిని కూడా చాలా కార్ల క్రూజ్ లెక్కలోకి తీసుకోదని పుస్తకంలోనే ఉంటుంది. లంకెలపాలెం కూడలి అంతే. పోర్టు నుంచీ స్టీలు ప్లాంటు నుంచీ వచ్చే ట్రెయిలర్లు ఆ చుట్టుపక్కల ఎక్కువ. ఉక్కు కడ్డీలు ట్రెయిలర్ వెనక్కి పొడుచుకొచ్చి, చివర ఎర్ర గుడ్డ కట్టి ఉంటాయి. రాడార్ కొలిచే దూరం ట్రెయిలర్ ఒంటి దాకా కావచ్చు, కడ్డీ కొసల దాకా కాకపోవచ్చు. అలాంటి లోడు వెనక క్రూజ్ తీసేయడమే కాదు, ఆ వరుసే వదిలేయాలి.

మిగిలింది ఆరు వరుసల బైపాస్, అనకాపల్లి దాటాక తుని వైపు, ఆనందపురం దాటాక తగరపువలస మీదుగా శ్రీకాకుళం వైపు సాఫీగా సాగే ముక్కలు. పగటిపూట, వాన లేనప్పుడు, నడిమి వరుసలో, 80 - 90 మధ్య. కార్లకు నాలుగు వరుసల డివైడర్ రోడ్డు మీద 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పైపరిమితి 100, చాలాచోట్ల బోర్డులు అంతకన్నా తక్కువే చెబుతాయి. ఎడమ వరుసలో ఆగిన లారీలు, కుడి వరుసలో 45లో పోతూ పక్కకు జరగని లారీలు ఉంటాయి కనుక ఆరు వరుసల చోట నడిమిదే నయం. ఊరు వచ్చినప్పుడల్లా, కూడలి బోర్డు కనబడినప్పుడల్లా, నక్కపల్లి టోల్ గేటు అర కిలోమీటరు ముందే, తీసేయండి. టోల్ గేటు దగ్గర ఆగి ఉన్న వరుసలోకి క్రూజ్‌తో పోవడమంటే పైన చెప్పిన బలహీనతకు కోరి ఎదురెళ్లడం. రోడ్డు దిగి సర్వీసు రోడ్డు ఎక్కేటప్పుడు కూడా అంతే. ముందు బండి హైవే మీద ఉండిపోతుంది, మీరు పక్కకు తిరుగుతారు, ఎదురు ఖాళీ కనబడగానే కారు 90కి లేస్తుంది.

రెజ్యూమ్ బటన్ గురించి ఒక్క మాట. బ్రేకు తొక్కితే క్రూజ్ ఆగుతుంది, పాత వేగం జ్ఞాపకం ఉంటుంది. అరగంట తర్వాత ఏదో ఊళ్లో 40లో పోతూ అది నొక్కితే, ముందు ఖాళీగా ఉంటే, కారు ఆ పాత 90 వైపే పరిగెడుతుంది. ఎంత సెట్ అయి ఉందో మీటరులో చూసి నొక్కండి, లేదా అసలు అది మానేసి ఇప్పుడున్న వేగంలోనే కొత్తగా సెట్ చేసుకోండి. నేను రెండోదే చేస్తాను.

కొత్త కారును ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించడం మన ఊరి అలవాటు. మా కారుకూ చేయించాం. చేయించాక మాత్రం ఒకసారి ముందు వంగి చూడండి. బంతిపూల దండ గ్రిల్ మీద సరిగ్గా రాడార్ ఉన్న నల్లటి పలక మీదుగా వేలాడుతుంటుంది. పసుపు కుంకుమ బొట్లు లోగో మీద పడతాయి. కెమెరా ఉన్న కార్లలో అద్దం పైభాగాన, లోపలి అద్దం వెనకున్న చోట స్వస్తిక్ దిద్దుతారు. దండ ఇంటికొచ్చాక తీసేయండి, బొట్లు రెండంగుళాలు పక్కకు దిద్దమని పంతులుగారికి ముందే చెప్పండి, ఆయనేమీ కాదనరు. నిమ్మకాయలు మిరపకాయల దండ కూడా ఒక పక్కకు కట్టండి. బంపర్‌కి ఇనప గార్డు బిగిస్తే అది రాడార్‌కి ఎదురుగా రావచ్చు, పైగా అలాంటి గార్డులు బిగించకూడదని కేంద్రం 2017లోనే చెప్పింది. ఊళ్లో పోర్టు దుమ్ము సంగతి అందరికీ తెలిసిందే. కారు అద్దం తుడిచే గుడ్డతోనే ఆ నల్ల పలకనూ తుడిచేది ఒక అలవాటుగా పెట్టుకోవాలి. చిన్న దెబ్బ తగిలి బంపర్ మార్చాల్సివస్తే రాడార్ సూటిగా ఉందో లేదో చూసి మళ్లీ సరిచేయించాలి. ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 100 మీటర్ల దూరంలో అది మీటరున్నరకు పైగా పక్కకు చూస్తుంది. వరుస వెడల్పు మూడున్నర మీటర్లే. వీధి చివరి షెడ్డులో ఈ పని జరగదు.

వానలో పెట్టొద్దు. తడిలో టైరు జారితే క్రూజ్‌కి అది తెలిసేలోపు ఇంజను ఇంకా తోస్తూనే ఉంటుంది. నీటి తుంపర కెమెరాను గుడ్డి చేస్తుంది. రాత్రి విషయంలో నాకింకా గట్టి అభిప్రాయం ఉంది. లైట్లు లేని ట్రాలీలు, వెనక ఎర్ర దీపం లేని లారీలు, నిద్ర. రాత్రిళ్లు డ్రైవర్లను ఆపి ముఖం కడుక్కోమని చెప్పి పంపే పోలీసులను మన హైవే మీద చూస్తుంటాం. నిద్ర ముంచుకొస్తున్నవాడి కాలు ఎక్సలేటర్ మీద ఉంటే, పట్టు సడలి వేగం తగ్గే అవకాశం కొంతైనా ఉంటుంది. క్రూజ్‌లో ఉంటే కారు నిద్రపోదు, అదే వేగంతో పోతూనే ఉంటుంది. కళ్లు మూతపడుతుంటే చేయాల్సింది ఆపి పడుకోవడమే.

ఇంత చెప్పాక "అయితే వాడకపోతే పోలా?" అని మా పెదనాన్నలాంటివాళ్లు అంటారు. నలభై ఏళ్లు ఏ బటనూ లేకుండా నడిపాను అంటారాయన, నిజమే నడిపారు. అయినా నేను ఒప్పుకోను. శ్రీకాకుళం వెళ్లి వచ్చే దారిలో, మాటల్లో పడి, మనకు తెలియకుండానే ఎక్కే వేగాన్ని ఇది ఎక్కనివ్వదు. 85 అంటే 85. ముందు బండికి తోకలా అంటుకుపోయే మన అలవాటును ఇది మాన్పిస్తుంది. మనుషులం గంటసేపు ఒకే దూరం పాటించలేం, ఇది పాటిస్తుంది. కుడికాలి మడమ నొప్పి ఉన్నవాళ్లకు దూరప్రయాణంలో ఇది నిజమైన ఉపకారం. ఈ లాభాలు రావాలంటే మాత్రం వేగం తక్కువలో సెట్ చేసుకునే క్రమశిక్షణ మనకుండాలి. అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ వాళ్లు 2021లో ప్రకటించిన అధ్యయనంలో, ఇలాంటి క్రూజ్ పెట్టుకున్నప్పుడు డ్రైవర్లు వేగపరిమితి దాటే అవకాశం 24 శాతం ఎక్కువని తేలింది. అంటే అదే పరికరం వేగానికి కళ్లెమూ కాగలదు, వేగానికి సాకూ కాగలదు. ఏది కావాలో సెట్ చేసే వేలు చెబుతుంది.

ఆ అధ్యయనం పక్కన పెట్టినా నేను చుట్టూ చూస్తున్నదొకటుంది. కాళ్లకు పని తగ్గగానే చేతులు ఫోను వెతుక్కుంటాయి. క్రూజ్ పెట్టి వాట్సాప్ చూసేవాళ్లను పక్క వరుసలోంచి నేనే చూశాను. కారు తీసుకున్నది కాళ్ల పని మాత్రమే, కళ్ల పని తీసుకోలేదు. నిజానికి కళ్లకు పని పెరిగింది, ముందు రోడ్డుతోపాటు కారు ఏం చేయబోతోందో కూడా కనిపెట్టాలి కనుక. కాలును సీటు కిందికి మడవకండి, చాపుకోకండి. బ్రేకు ముందు మడమ ఆన్చి ఉంచండి. ముందు బండి వరుస మారుతోందని ఇండికేటర్ వెలిగినా, దాని టైరు గీత తొక్కినా, ఏమి కనబడుతుందో చూడకముందే బ్రేకును తాకండి. తాకితే చాలు క్రూజ్ ఆగుతుంది. ఖాళీగా ఉంటే మళ్లీ పెట్టుకోవచ్చు.

షోరూముల వాళ్లతో నా గొడవ ఇది. కారు డెలివరీ ఇచ్చేరోజు కేకు కోయిస్తారు, ఫొటో తీస్తారు, సన్‌రూఫ్ తెరిచి చూపిస్తారు, పాటలు ఎలా పెట్టాలో చెబుతారు. క్రూజ్ గురించి నేను విన్న మాట "సార్, ఇంక హైవే మీద కాళ్లకు పనే ఉండదు" అని. ఆ కుర్రాడి తప్పేం లేదు, వాడికి నేర్పించిందే అంత. పాతికలక్షల బండి అమ్మేవాళ్లు, కొనేవాళ్లను, ఆ బండి నడపబోయే డ్రైవరుతో సహా, ఒక గంట పెందుర్తి బైపాస్ మీదికి తీసుకెళ్లాలి. గ్యాప్ ఎలా పెంచాలో, ఎలా క్యాన్సిల్ చేయాలో, ముందు బండి తప్పుకుంటే కారు ఎలా లేస్తుందో పక్కన కూర్చుని చూపించాలి. రాడార్ ఎక్కడుందో చేత్తో తాకి చూపించాలి. పుస్తకంలోని హెచ్చరికల పేజీని తెలుగులో ఒక కాగితం మీద వేసి ఇవ్వాలి. చాలా ఇళ్లలో కారు నడిపేది యజమాని కాదు, ఇంగ్లీషు పుస్తకం చదవని డ్రైవరు. ఆయన చేతికి తాళం ఇచ్చి, ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు విప్పకుండా డాష్‌బోర్డులో పెట్టేస్తున్నాం. ఈ దసరాకు కారు తీసుకోబోతున్నవాళ్లు మిగతా డబ్బు కట్టకముందే ఈ గంట అడగండి. కుదరదంటే మేనేజరును పిలిపించి అడగండి.